చెరువులో ఫాల్ కలర్స్ రిఫ్లెక్షన్స్: వెలుతురు, పోలరైజర్, ఫోకస్ మీరు ఎలా పెడుతున్నారు?

పల్లెచెరువు:
అందరికీ నమస్తే. ఉండేది న్యూజెర్సీ. అక్టోబర్ రెండో వారం లాంగ్ వీకెండ్‌కి న్యూ హాంప్‌షైర్ వైట్ మౌంటెన్స్, అక్కణ్ణుంచి మెయిన్ రాష్ట్రంలో అకాడియా నేషనల్ పార్క్ వెళ్దామని ప్లాన్. క్రాప్ సెన్సర్ బాడీ, 18-55, 55-250 లెన్సులు, ఒక సీపీఎల్ (తిప్పే పోలరైజర్ ఫిల్టర్), మామూలు ట్రైపాడ్ ఉన్నాయి. ఎర్రబడిన చెట్లు నీళ్ళలో అద్దంలా దిగాలి, వెలుతురు మెత్తగా ఉండాలి. ఇక్కడి పార్కులో ప్రాక్టీస్ చేస్తుంటే మూడు ఇబ్బందులు వస్తున్నాయి. ఆకాశానికి సరిపెడితే నీళ్ళు నల్లబడుతున్నాయి, నీళ్ళకి సరిపెడితే ఆకాశం తెల్లగా పోతోంది. పోలరైజర్ తిప్పితే రిఫ్లెక్షనే మాయమవుతోంది. ఫోకస్ నీటి మీద పెట్టాలా చెట్టు మీద పెట్టాలా అన్నది అసలు అర్థం కాలేదు. తెలిసినవాళ్ళు కాస్త వివరంగా చెప్పండి.

నీటినీడ:
మెత్తని వెలుతురు రెండు రకాలండీ. ఏది దొరికిందో చూసుకుని ఫ్రేము కట్టాలి.

ఒకటి, ఆకాశమంతా పల్చటి మబ్బు పట్టిన రోజు. గట్టి నీడలుండవు, ఎరుపూ పసుపూ నిండుగా వస్తాయి. కాకపోతే ఆకాశం వట్టి తెలుపు, నీళ్ళలో పడేదీ అదే తెలుపు. కాబట్టి ఆకాశాన్ని ఫ్రేములోకి రానివ్వకండి. 55-250 పెట్టి ఎదుటి గట్టు, దాని కింద నీళ్ళు, అంతవరకే. పై అంచు చెట్ల మధ్యలోనే కోసేయండి, కింది అంచు కూడా నీళ్ళలో చెట్ల కొసలు రాకముందే ఆపేయండి.

రెండోది ఇంకా మంచిది. ఎదుటి గట్టు చెట్ల మీద ఎండ పడుతోంది, మీ ముందున్న నీళ్ళు మాత్రం ఇంకా నీడలోనే ఉన్నాయి. నీళ్ళ మీద నేరుగా ఎండ పడితే లోపలి మట్టి, నాచు, పైన తేలే నలకలు అన్నీ వెలిగి రిఫ్లెక్షన్ మీద పాలపొర కప్పినట్టు ఉంటుంది. నీళ్ళు నీడలో ఉంటే ఆ పొర ఉండదు, కింద నలుపు, దాని మీద కరిగిన బంగారంలా ఆకుల రంగు. పొద్దున అయితే తూర్పు గట్టున నిలబడి పడమరకి చూడాలి, సాయంత్రం పడమటి గట్టు నుంచి తూర్పుకి. మీ వెనక కొండో, ఎత్తయిన పైన్ చెట్లో ఉంటే నీళ్ళ మీదికి ఎండ ఆలస్యంగా వస్తుంది, అంతసేపూ మీకు పని దొరుకుతుంది. ఎండ నీళ్ళని తాకాక ఆ చోటు వదిలేయండి.

త్రిపాద:
నీళ్ళు నల్లబడటానికి మందు ఒకటే, కెమెరా కిందికి దించడం. ఎంత దించితే రిఫ్లెక్షన్ అంత వెలుగుతుంది. మోకాలి ఎత్తు కన్నా పైన పెట్టకండి.

గట్టులెక్క:
త్రిపాద గారూ, దించమనడం సరైన సలహానే. కారణం మాత్రం అది కాదండీ. ఇక్కడ లెక్క తెలిస్తే ఏ చెరువు దగ్గర ఏం చేయాలో దానంతటదే తెలుస్తుంది, అందుకే కాస్త పొడుగ్గా రాస్తున్నా.

నీరు ఎంత వెలుతురు తిరిగి పంపుతుందన్నది చూపు నీటిని తాకే కోణం మీద ఉంటుంది. నీటిమట్టానికి 5 డిగ్రీల కోణంలో చూస్తే సుమారు 58 శాతం తిరిగొస్తుంది. 10 డిగ్రీలకి 35, 20 డిగ్రీలకి 13, 30 డిగ్రీలకి 6 శాతమే. స్టాపుల్లో (ఒక స్టాప్ తగ్గితే వెలుతురు సగం) చెప్పుకుంటే 10 డిగ్రీల దగ్గర రిఫ్లెక్షన్ అసలు చెట్టు కన్నా ఒకటిన్నర స్టాప్ తక్కువ, 30 డిగ్రీల దగ్గర నాలుగు స్టాపులు తక్కువ.

ఇప్పుడు 100 మీటర్ల అవతల 15 మీటర్ల చెట్టు ఉందనుకోండి. దాని కొస రిఫ్లెక్షన్ కోణం, కెమెరా 1.5 మీటర్ల ఎత్తులో ఉంటే 9.4 డిగ్రీలు, 30 సెంటీమీటర్లకి దించితే 8.7. తేడా దాదాపు లేదు. అదే చెట్టు 30 మీటర్ల కుంటకి అవతల ఉంటే కోణం 29 నుంచి 27కి వస్తుంది, అంతే. అంటే రిఫ్లెక్షన్ వెలుగు తేల్చేది కెమెరా ఎత్తు కాదు, చెట్టు ఎత్తుకీ నీళ్ళ వెడల్పుకీ ఉన్న నిష్పత్తి. వెడల్పు చెరువులో వెలుగు ఎక్కువ, ఇరుకు కుంటలో తక్కువ. ఒకే ఫ్రేములో కూడా చెట్టు మొదలు వెలుగ్గా, కొస నల్లగా పడేది ఇందుకే. కొస మీకు దగ్గరి నీళ్ళలో, నిటారు కోణంలో పడుతుంది.

మరి దించడం ఎందుకంటే గాలికి. ఆ 100 మీటర్ల అవతలి చెట్టు కొస నీళ్ళ మీద ఎక్కడ పడుతుందో లెక్క కట్టండి. కెమెరా 1.5 మీటర్ల ఎత్తులో ఉంటే మీ కాళ్ళకి 9 మీటర్ల దూరంలో. 30 సెంటీమీటర్లకి దించితే 2 మీటర్లలో. చెట్టు పై సగమంతా, అంటే ఏడున్నర మీటర్ల కొమ్మలు, 2 నుంచి 4 మీటర్ల మధ్య ఉన్న చిన్న పట్టీలోనే దిగిపోతాయి. చెరువంతా అల్లాడుతున్నా మీ ముందు నాలుగు మీటర్ల నీళ్ళు కదలకుండా ఉంటే చాలు, రంగు ఉన్న భాగం మొత్తం అద్దంలా వస్తుంది. అందుకని గాలి ఎటు నుంచి వస్తోందో ఆ గట్టునే నిలబడాలి. పడమటి గాలి అయితే పడమటి గట్టున, చెట్ల చాటున్న చిన్న మూల వెతుక్కోండి.

త్రిపాద:
ఒప్పుకుంటున్నాను గట్టులెక్క గారూ, పొరపాటు నాదే. గాలిలో కూడా కింది కోణం ఎందుకు పనిచేస్తుందో ఇప్పుడు పూర్తిగా అర్థమైంది.

కిందికి దించేటప్పుడు ట్రైపాడ్ సంగతి. సెంటర్ కాలమ్ తీసేయండి, లేదా తలకిందులుగా బిగించండి. గట్టు బురదలో కాలు మెల్లగా దిగుతూనే ఉంటుంది, లైవ్ వ్యూలో తెలియదు, అర సెకను ఎక్స్‌పోజర్‌లో మాత్రం చెట్లన్నీ కిందికి గీసినట్టు వస్తాయి. కాలు పెట్టి బరువంతా ఆనించి గట్టిగా నొక్కండి, నిమిషం ఆగి మళ్ళీ నొక్కండి, అప్పుడు కెమెరా ఎక్కించండి. పలక రాయి దొరికితే కాలి కింద వేయండి. కాళ్ళు నీళ్ళలో పెట్టాల్సి వస్తే ముందు సన్నటి కింది సెక్షన్ లాగి లాక్‌లు నీటికి పైన ఉండేలా చూసుకోండి, లాక్‌ల్లోకి ఇసుక పోదు. ఇంటికి వచ్చాక మంచినీళ్ళతో కడిగి, కాళ్ళు పూర్తిగా లాగి ఆరబెట్టాలి. ట్రైపాడ్ మీద లెన్స్ స్టెబిలైజేషన్ ఆఫ్, షటర్‌కి 2 సెకన్ల టైమర్.

రెండోస్టాప్:
ఎక్స్‌పోజర్ విషయం. పల్లెచెరువు గారూ, మీరు రా ఫైల్ (RAW, కెమెరా మార్పులు చేయని ఫైల్) తీస్తున్నారని అనుకుంటున్నా. జేపెగ్‌లో ఈ పని సగం కూడా కాదు.

ఫాల్ కలర్స్‌లో ముందు పోయేది ఎరుపు ఛానెల్. మామూలు తెల్ల హిస్టోగ్రామ్ (ఫొటోలో వెలుగు పంపకం చూపే గ్రాఫ్) బాగానే కనిపిస్తుంది, ఆర్‌జీబీ హిస్టోగ్రామ్ తెరిస్తే ఎరుపు కుడి గోడకి అతుక్కుని ఉంటుంది. అప్పుడు మేపుల్ ఆకులు ఈనెల్లేకుండా ఎర్ర రంగు పూసిన అట్టముక్కల్లా కనిపిస్తాయి. అందుకని ఎక్స్‌పోజర్ కాంపెన్సేషన్ మైనస్ మూడో వంతు నుంచి మైనస్ మూడింట రెండు వంతుల స్టాప్. పిక్చర్ స్టైల్ వివిడ్‌లో ఉంటే హిస్టోగ్రామ్ ఇంకా ముందే గోడ తాకుతుంది, న్యూట్రల్‌లో పెట్టుకుంటే అసలు లెక్క కనిపిస్తుంది.

మబ్బు పట్టిన పొద్దున మొదలుపెట్టడానికి ఐఎస్‌ఓ 100, ఎఫ్/11, సీపీఎల్‌తో సెకనులో నాలుగో వంతు దగ్గర వస్తుంది. కొమ్మలు ఊగుతుంటే ఐఎస్‌ఓ 400 చేసి 1/15కి రండి. ఆకు అలుక్కుపోవడం కన్నా కాస్త గ్రెయిన్ నయం.

ఆకాశం ఫ్రేములో ఉండి తీరాలంటే 2 స్టాపుల సాఫ్ట్ గ్రాడ్యుయేటెడ్ ఫిల్టర్ (పైన ముదురుగా, కిందికి తేటగా ఉండేది) సరిపోతుంది. లేదా రెండు షాట్లు, ఒకటి ఆకాశానికి, ఒకటి నీళ్ళకి, తర్వాత కలుపుకోవడం. ఎలా చేసినా ఒక హద్దు ఉంది. రిఫ్లెక్షన్ అసలు చెట్టు కన్నా వెలుగ్గా రాకూడదు. నీరు అలా చేయలేదు కాబట్టి చూసేవాళ్ళకి కారణం తెలియకపోయినా ఎక్కడో తేడా కొడుతుంది. అర స్టాప్ నుంచి ఒక స్టాప్ తక్కువ ఉంచితే సహజంగా ఉంటుంది.

వైట్ బ్యాలెన్స్ ఆటోలో వదలకండి, పసుపంతా తీసేసి చల్లబరుస్తుంది. మబ్బు రోజు 6000 నుంచి 6500 కెల్విన్. నీళ్ళు నీడలో, చెట్లు ఎండలో ఉన్నప్పుడు డేలైట్‌లో పెట్టండి. నీలి ఆకాశం పడ్డచోట నీలం, ఆకులు పడ్డచోట బంగారం, రెండూ పక్కపక్కన నిలుస్తాయి.

పల్లెచెరువు:
చాలా చాలా థాంక్స్ అండీ. గట్టులెక్క గారి లెక్క కాగితం మీద గీసి చూశా, సరిగ్గా వచ్చింది. పోలరైజర్ మరి తీసేయాలా?

గట్టులెక్క:
తీయక్కర్లేదు, చెరువుని బట్టి తిప్పాలి. నీటిమట్టానికి 37 డిగ్రీల దగ్గర నీటి నుంచి వచ్చే వెలుతురు పూర్తిగా పోలరైజ్ అయి ఉంటుంది. ఆ కోణంలో ఫిల్టర్ ఒక వైపు తిప్పితే రిఫ్లెక్షన్ మొత్తం మాయం. ఇరుకు కుంటలో చెట్ల కొసలు 29 డిగ్రీల దగ్గర పడుతున్నాయని పైన చూశాం కదా, అంటే ఆ కోణానికి చాలా దగ్గర. మీ పార్కు కుంట అలాంటిదే అయ్యుంటుంది. వెడల్పు చెరువులో 9 డిగ్రీల దగ్గర ఫిల్టర్ ఎటు తిప్పినా తేడా ఒక స్టాప్ లోపే.

చేయాల్సింది ఇది. లైవ్ వ్యూ చూస్తూ రిఫ్లెక్షన్ అన్నిటికన్నా తగ్గే చోటు దాకా తిప్పండి. అక్కణ్ణుంచి పావు చుట్టు, అంటే 90 డిగ్రీలు. అక్కడ రిఫ్లెక్షన్ నిలుస్తుంది, నీటి అడుగు కనిపించడం తగ్గుతుంది. ఫిల్టర్ లేనప్పటి కన్నా రంగు చిక్కగా ఉంటుంది.

తడి ఆకుల మీద తెల్లటి మెరుపు తీయాలంటే వేరే కోణం కావాలి. రెండూ ఒకే షాట్‌లో కుదరకపోతే ట్రైపాడ్ కదపకుండా రెండు తీయండి, ఒకటి ఆకులకి తిప్పి, ఒకటి నీళ్ళకి తిప్పి. గట్టు గీత దగ్గర కలపడం చాలా తేలిక. సీపీఎల్ ఒకటిన్నర నుంచి రెండు స్టాపుల వెలుతురు తింటుందని మాత్రం గుర్తుంచుకోండి.

నీటినీడ:
ఫోకస్ గురించి ఎవరూ చెప్పలేదు. రిఫ్లెక్షన్ ఉండేది నీటి మీద కాదు. లెన్స్‌కి సంబంధించినంతవరకు అది చెట్టు ఎంత దూరమో అంత దూరంలోనే ఉంది. కాబట్టి ఒడ్డున ఉన్న అసలు చెట్టు మీద ఫోకస్ పట్టి, మాన్యువల్‌కి మార్చి వదిలేయండి. రెండూ ఒకేసారి షార్ప్. నీటి మీద ఆటోఫోకస్ వదిలితే అలనో నలకనో పట్టుకుని రిఫ్లెక్షన్ మసకబారుస్తుంది.

చిక్కంతా తేలే ఆకుతో. మీ కాళ్ళ దగ్గర నీటి మీద ఒక మేపుల్ ఆకు ఉందనుకోండి. వెల్లకిలా పడి ఉంది, అంచులు కొంచెం పైకి ముడుచుకుని, లోపల నాలుగు నీటి చుక్కలు. దాని చుట్టూ నీరు సన్నగా పైకి లేచి వంగి ఉంటుంది, ఆ వంపులో ఎదుటి చెట్ల పసుపు గీతలా మెరుస్తుంది. ఆ ఆకు మీటరు దూరంలో ఉంది, దాని పక్కనే నీళ్ళలో కనిపిస్తున్న చెట్టు 100 మీటర్ల దూరంలో ఉంది. మీ క్రాప్ బాడీ మీద 18 ఎంఎం, ఎఫ్/8 పెట్టి 2 మీటర్ల దగ్గర ఫోకస్ ఆపితే మీటరు నుంచి అనంతం దాకా సరిపోతుంది, ఒకే షాట్. 35 ఎంఎం, ఎఫ్/11 అయితే ఐదున్నర మీటర్ల దగ్గర ఆపాలి, పదును దాదాపు 2.8 మీటర్ల నుంచే మొదలవుతుంది. 55 ఎంఎం అయితే దాదాపు 7 మీటర్ల నుంచి. అక్కడ రెండు షాట్లు తీసి కలపాలి. ముందు ఆకు షాట్ తీయండి, చెట్టు షాట్ వెంటనే. ఆకు నీళ్ళలో ఊరికే ఉండదు, నెమ్మదిగా గుండ్రంగా తిరుగుతూ జరుగుతుంది. ఆకు ఉన్న ఫ్రేముకి 1/30 కన్నా నెమ్మది షటర్ వద్దు. ఎఫ్/16 దాటి మూయకండి, డిఫ్రాక్షన్‌తో మొత్తం మెత్తబడిపోతుంది.

మేఘమాల:
వాతావరణం సంగతి నేను చెప్తా. రాత్రి ఆకాశం తేటగా ఉండి గాలి లేకపోతే నేల మీద గాలి బాగా చల్లబడుతుంది, చెరువు నీళ్ళలో వేడి ఇంకా ఉంటుంది. తెల్లారేసరికి నీటి మీద ఆవిరి లేస్తుంది. మొదట్లో అది రిఫ్లెక్షన్‌ని పూర్తిగా మింగేస్తుంది, కంగారు పడకండి. ఎండ తగిలి పలచబడేటప్పుడు ఒక పది నిమిషాలు చెట్లు, ఆవిరి, రిఫ్లెక్షన్ మూడూ కలిసి దొరుకుతాయి. ఆవిరి ఫ్రేములో ఎక్కువ ఉంటే మీటర్ మోసపోయి బూడిద రంగు చేస్తుంది, అప్పుడు మాత్రం ప్లస్ మూడో వంతు నుంచి మూడింట రెండు. ఎరుపు హిస్టోగ్రామ్ చూసుకుంటూ.

పొద్దెక్కి నేల వేడెక్కాక గాలి మొదలవుతుంది. కాబట్టి సూర్యోదయానికి ముప్పావుగంట ముందే గట్టు మీద ఉండాలి. మధ్య అక్టోబర్‌లో అకాడియాలో సూర్యోదయం 6:50 ప్రాంతంలో. బ్యాటరీ చలికి త్వరగా పడిపోతుంది, రెండోది లోపలి జేబులో వెచ్చగా పెట్టుకోండి. తిరిగి వెచ్చటి కారెక్కే ముందు కెమెరాని జిప్ కవర్లో పెట్టి మూసేయండి, లేకపోతే లెన్స్ లోపలా బయటా చెమ్మ పడుతుంది.

ఓరుగల్లు_ఫోన్:
మేఘమాల అక్కా, ఫోన్‌తో అయ్యే పనేనా ఇది? మేముండేది హన్మకొండ, మాకు ఈ ఫాల్ కలర్స్ ఎక్కడివి.

మేఘమాల:
అవుతుంది తమ్ముడూ. ఫోన్‌ని తలకిందులు చేసి పట్టుకో, లెన్స్ నీటికి నాలుగు వేళ్ళ ఎత్తులోకి వస్తుంది. గట్టులెక్క గారు చెప్పిన కింది కోణం ఫోన్‌కి ఉన్నంత సులువుగా పెద్ద కెమెరాకి లేదు. చెట్టు మీద వేలు నొక్కి పట్టి ఫోకస్, ఎక్స్‌పోజర్ లాక్ చెయ్యి, తర్వాత వెలుగు గీత కొంచెం కిందికి లాగు. రా ఆప్షన్ ఉంటే అది వాడు, లేకపోతే ఫోన్ నీళ్ళలో నీడలన్నీ లేపేసి రిఫ్లెక్షన్‌ని చెట్టంత వెలుగు చేసేస్తుంది. జూమ్ చేసి పిండకు, మెయిన్ లెన్సే వాడు.

రంగులకి మీ దగ్గర మోదుగు ఉంది కదా. ఫాల్గుణంలో ఆకు రాలిపోయి చెట్టంతా నారింజ పూలే. చెరువు కట్ట పక్క మోదుగు ఉన్నచోట పొద్దున్నే ఇదంతా యథాతథంగా చేయొచ్చు. ఆ పూల నారింజకి కూడా ఎరుపు ఛానెలే ముందు పోతుంది, అదొక్కటి చూసుకో.

ఓరుగల్లు_ఫోన్:
సూపర్ అక్కా. కట్ట దిగువ నీళ్ళ మడుగు ఉన్నా సరిపోతుందన్నమాట, రెండు మీటర్ల నీళ్ళు చాలన్నారు కదా.

గట్టులెక్క:
చాలు. వాన పడ్డాక నిలిచిన గుంటలో కూడా చెట్టంతా దిగుతుంది, లెన్స్ నీటికి ఆనేంత కింద ఉండాలి అంతే.

రెండోస్టాప్:
గాలి ఎంతకీ ఆగకపోతే ఇంకో దారి. సన్న అలలు ఉన్నప్పుడు 1/15 నుంచి 1/4 మధ్య షటర్ అన్నిటికన్నా చెడ్డది, అటు అద్దమూ కాదు ఇటు మెత్తదనమూ రాదు. 1 నుంచి 2 సెకన్లకి పోతే అలలు కలిసి రంగులు నిలువు గీతలుగా సాగుతాయి, నూనె రంగులు పూసినట్టు. 6 స్టాపుల ఎన్‌డీ ఫిల్టర్‌తో (వెలుతురు తగ్గించే ముదురు అద్దం) 20, 30 సెకన్లు ఇస్తే నీళ్ళు పట్టుగుడ్డలా అయిపోతాయి, కానీ కొమ్మలు ఊగి గట్టు మీది చెట్లు మసకబారతాయి. అలాంటప్పుడు గట్టు వదిలేసి నీళ్ళు మాత్రమే ఫ్రేములో ఉంచండి. లేదా 1/500కి పోయి 200 ఎంఎం దగ్గర ఒక్కో అలనీ ఆపండి. అల ఒక వాలు నీలం, ఇంకో వాలు నారింజ పట్టుకుంటుంది.

నీటినీడ:
చోట్ల గురించి. పల్లెచెరువు గారూ, మీ తేదీలకి వైట్ మౌంటెన్స్ ఎత్తైన చోట్ల రంగు దాదాపు అయిపోయి ఉంటుంది, అక్కడ మంచి కాలం సెప్టెంబర్ చివర నుంచి అక్టోబర్ మొదటి వారం. కాంకమాగస్ హైవే పక్కనున్న లిల్లీ పాండ్ దగ్గర ఒడ్డు చిత్తడి, బూట్లు కావాలి. దాని కన్నా కిందికి దిగి చొకోరువా లేక్‌కి వెళ్ళండి. కొండ వాయవ్యాన ఉంది కాబట్టి పొద్దుటి ఎండ కొండ మీద నేరుగా పడుతుంది, పైన చెప్పిన వెలుతురు సరిగ్గా అక్కడ కుదురుతుంది.

అకాడియాలో మీకు సమయం అనుకూలంగా ఉంటుంది, అక్కడ అక్టోబర్ రెండో, మూడో వారాలు బాగుంటాయి. అందరూ జోర్డన్ పాండ్‌కే పోతారు. అది వెడల్పు, గాలి ఎక్కువ, ఒడ్డున సతతహరితాలే ఎక్కువ. రంగు కావాలంటే రూట్ 3 పక్కనే డార్ మౌంటెన్ అడుగున ఉన్న ద టార్న్ చూడండి. లోతు తక్కువ, నీళ్ళలో గడ్డి లేచి ఉంటుంది, ఇరుకు కాబట్టి పోలరైజర్ జాగ్రత్త. కొండ పడమట, మీరు తూర్పున, పొద్దున్నే.

అంత దూరం వెళ్ళలేకపోయినా బెంగ లేదు. మీ న్యూజెర్సీకి దగ్గర్లోనే న్యూయార్క్ వైపు హారిమన్ స్టేట్ పార్క్ ఉంది. సెవెన్ లేక్స్ డ్రైవ్ వెంట స్కనటాటి, కనావాకీ, టియోరాటి చెరువులు వరసగా వస్తాయి. అక్టోబర్ మూడో వారం చూసుకోండి.

పల్లెచెరువు:
ఇక్కడే అంత దగ్గర్లో ఉన్నాయని తెలియదు, అకాడియాకి ముందే అక్కడ ప్రాక్టీస్ చేస్తా. ఒక్క డౌట్. జోర్డన్ పాండ్‌లో రాళ్ళు ముందు పెట్టి తీసిన ఫొటోలు చాలా ఉన్నాయి, ట్రైపాడ్‌తో నీళ్ళలోకి దిగొచ్చా?

త్రిపాద:
దిగకూడదు. అది తాగునీటి చెరువు, అందులో దిగడం నిషేధం. దక్షిణపు ఒడ్డున రాళ్ళ మీద నుంచే తీయాలి. రెండు రాళ్ళ మధ్య ఖాళీలో కెమెరా దించండి. రాయి కొస దాని వెనక ఉన్న బబుల్స్ కొండల రిఫ్లెక్షన్‌కి తగలకుండా కొంచెం నీళ్ళు వదలాలి, కెమెరా ఐదారు సెంటీమీటర్లు పైకో కిందికో జరిపితే ఆ ఖాళీ తెరుచుకుంటుంది. రాళ్ళు తెల్లవారుజామున మంచుకి జారతాయి, ట్రైపాడ్‌కి రబ్బరు పాదాలే ఉంచండి, ముళ్ళు వద్దు.